పండ్ల వ్యర్థాల నుంచి ఆరోగ్యదాయక పదార్థాలు

పండ్లను రసంగా, గుజ్జుగా, జామ్‌గా మార్చేటప్పుడు మిగిలిపోయే తొక్కలు, టెంకలు, గింజలు, పిప్పి, కాడలలో ఆరోగ్యానికి ఉపకరించే పదార్థాలు గణనీయంగా ఉంటాయి. పీచు, పాలీఫినాల్స్, కెరోటినాయిడ్లు, కొవ్వులు, ఎంజైములు వీటిలో ముఖ్యమైనవి. వాటిని వేరుచేసి తిరిగి ఆహారంలో చేర్చడం ఆహార సాంకేతిక శాస్త్రంలో ఒక ప్రత్యేక శాఖగా ఎదిగింది. ఈ వ్యాసం దాని చరిత్ర, పద్ధతులు, ప్రయోజనాలు, పరిమితులను వివరిస్తుంది. తెలుగు ప్రాంతాలకు బాగా దగ్గరైన మామిడిని ప్రధాన ఉదాహరణగా తీసుకుంటుంది.

పరిధి

పండ్ల వ్యర్థం రెండు రకాలు. మొదటిది తోటలో, మార్కెట్‌లో, ఇంట్లో కుళ్ళిపోయే పండు. రెండోది ప్రాసెసింగ్ పరిశ్రమలో పండు తినదగిన భాగాన్ని తీసుకున్నాక మిగిలేది. పదార్థాల వెలికితీతకు రెండోదే అనువైనది. ఒకే రకం సరుకు ఒకే చోట, పెద్ద మొత్తంలో, తెలిసిన రోజుల్లో దొరకడమే ఇందుకు కారణం. రసం తీసిన బత్తాయి, కమలాపండ్లలో బరువులో సుమారు సగం తొక్క, పిప్పి రూపంలో మిగులుతుంది. ద్రాక్షలో 20–25 శాతం, ఆపిల్‌లో నాలుగో వంతు దాకా పిప్పి వస్తుంది. దానిమ్మలో తొక్కే 40–50 శాతం. మామిడిలో తొక్క, టెంక కలిపి రకాన్ని బట్టి పండు బరువులో మూడో వంతు నుంచి సగం దాకా, కొన్నిటిలో అంతకు మించి ఉంటాయి.

ఈ భాగాల్లో ఔషధ గుణం గల పదార్థాలు గుజ్జులో కంటే ఎక్కువగా ఉండటానికి వృక్షశాస్త్ర కారణం ఉంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలను, పురుగులను, బూజును మొదట ఎదుర్కొనేది తొక్క. తర్వాతి తరాన్ని మోసేది గింజ. చెట్టు తన రక్షక రసాయనాలను ఈ రెండు చోట్లనే కూడబెడుతుంది. వగరు, చేదు, ఘాటు వాసన ఆ రక్షణకు గుర్తులు. ఆ వగరూ చేదే వీటిని ఆహారంలో చేర్చడానికి పెద్ద అడ్డంకి కూడా.

చరిత్ర

పారేసే భాగాన్ని వాడుకోవడం ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది. తెలుగువారు దబ్బకాయను తొక్కతోనే ఊరగాయ పెడతారు. పుచ్చకాయ తొక్కలోని తెల్లటి భాగాన్ని కూర వండుతారు. ఎండబెట్టిన కమలా తొక్కను నలుగు పిండిలో కలుపుతారు. దానిమ్మ తొక్కను, మామిడి టెంకలోని జీడిని విరేచనాలకు వాడటం ఆయుర్వేదంలో ఉంది. చైనాలోని షిన్‌హుయి ప్రాంతం కమలా తొక్కను ఏళ్ళ తరబడి మాగబెట్టి వంటకూ వైద్యానికీ వాడుతుంది.

రసాయన శాస్త్రం ఈ దారిలోకి 18వ శతాబ్దంలో వచ్చింది. ద్రాక్ష సారా పీపాల లోపలి గోడలకు పేరుకునే గట్టి పొర నుంచి స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ విల్‌హెల్మ్ షీలే 1769లో టార్టారిక్ ఆమ్లాన్ని వేరుచేశాడు. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆన్రి బ్రాకొనో 1825లో పెక్టిన్‌ను వర్ణించి పేరు పెట్టాడు. 1828లో లెబ్రెతాఁ కమలా తొక్క లోపలి తెల్లటి పొరలో హెస్పెరిడిన్‌ను కనుగొన్నాడు. 20వ శతాబ్దం మొదట్లో జర్మనీలోని ఆపిల్ రసం తయారీదారులు పిప్పి నుంచి పెక్టిన్ తీసి అమ్మడం మొదలుపెట్టారు. కొద్ది ఏళ్ళకే అమెరికాలోని కాలిఫోర్నియాలో నిమ్మ రైతుల సహకార సంస్థ మార్కెట్‌కు పనికిరాని కాయల నుంచి సిట్రిక్ ఆమ్లం, తైలం, పెక్టిన్ తీసే కర్మాగారం పెట్టింది.

ఆరోగ్య కోణం ఆ తర్వాత చేరింది. విటమిన్ సి పరిశోధనకు పేరొందిన ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గి 1936లో నిమ్మజాతి తొక్కల ఫ్లేవనాయిడ్లకు ‘విటమిన్ పి’ అని పేరు పెట్టాడు. ఇవి లేకపోతే లోపవ్యాధి వస్తుందని రుజువు కాకపోవడంతో ఆ పేరు నిలవలేదు, కానీ వాటిపై పరిశోధన ఆగలేదు. ఫ్రాన్స్‌లోని బోర్డోలో జాక్ మాస్క్వెలియే ద్రాక్ష గింజల ప్రొయాంథోసయనిడిన్లపై దశాబ్దాలు పనిచేశాడు. 1989లో అమెరికా వైద్యుడు స్టీఫెన్ డిఫెలిస్ ‘న్యూట్రాస్యూటికల్’ అన్న మాటను ప్రవేశపెట్టాక వీటి వాణిజ్యానికి ఒక గొడుగు దొరికింది. భారత్‌లో ఈ పరిశోధనకు ముఖ్య కేంద్రం 1950లో మైసూరులో ఏర్పడిన కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ.

మామిడి: తొక్క, టెంక, జీడి

ప్రపంచంలో అత్యధికంగా మామిడి పండించేది భారత్. గుజ్జు పరిశ్రమ ఎక్కువగా తోతాపురి రకం మీద ఆధారపడుతుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లా, దానికి పొరుగున తమిళనాడులోని కృష్ణగిరి ఈ పరిశ్రమకు పెట్టింది పేరు. జూన్, జూలై నెలల్లో ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు, లారీలు బారులు తీరతాయి. మాగిన పండును కడిగి, టెంక వేరుచేసే యంత్రంలో వేసి, గుజ్జును జల్లెడ పట్టి, వేడిచేసి, డ్రమ్ముల్లో నింపుతారు. మరో పక్క నుంచి తొక్కలు, పీచు పట్టిన టెంకలు బయటికి పడతాయి. తడి, తీపి, వేసవి వేడి కలిసి ఆ గుట్ట ఒక్క రోజులోనే పులిసి ఈగలతో నిండుతుంది.

ఈ రంగంలో అసలు చిక్కు రసాయన శాస్త్రంలో కంటే ఈ గుట్టలోనే ఉంది. తొక్క నేలమీద పడి మురుగు నీటితో కలిసిన తర్వాత అందులో ఎంత పాలీఫినాల్ ఉన్నా అది ఆహార పదార్థం కాదు. గుజ్జుకు పాటించే శుభ్రతనే తొక్కకూ పాటించి, గంటల వ్యవధిలో ఆవిరి పట్టి, ఎండబెట్టగలిగితేనే తర్వాతి దశలకు అర్థముంటుంది. ఆవిరి పట్టడం తప్పనిసరి. కోసిన వెంటనే తొక్కలోని పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పాలీఫినాల్స్‌ను గోధుమరంగు ముద్దగా మారుస్తుంది. వేడి ఆ ఎంజైమ్‌ను నిర్వీర్యం చేస్తుంది.

మామిడి తొక్కలో పీచు, పెక్టిన్, కెరోటినాయిడ్లు, మాంజిఫెరిన్, క్వెర్సెటిన్ ఉంటాయి. పచ్చికాయ తొక్కలో పాలీఫినాల్స్ ఎక్కువ, పండు తొక్కలో కెరోటినాయిడ్లు ఎక్కువ. మైసూరు సంస్థ శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన ప్రయోగంలో బిస్కెట్ పిండిలో తొక్క పొడిని వేర్వేరు పాళ్ళలో కలిపి చూశారు. పీచు, యాంటీ ఆక్సిడెంట్ శక్తి స్పష్టంగా పెరిగాయి. పది శాతం దాకా రుచి ఆమోదయోగ్యంగా ఉంది. అది దాటితే రంగు ముదిరి, బిస్కెట్ గట్టిపడి, చేదు తెలిసింది. తర్వాత మాకరోనీలోనూ ఇదే బృందం ప్రయత్నించింది.

టెంక పగలగొడితే లోపల ఉండేది జీడి. ఎండిన జీడిలో సగానికి పైగా పిండి పదార్థం, సుమారు 7–12 శాతం కొవ్వు, కొద్దిగా ప్రొటీన్ ఉంటాయి. ఈ కొవ్వులో స్టియరిక్, ఒలీయిక్ ఆమ్లాలు కలిపి 80 శాతం దాకా ఉంటాయి. గది ఉష్ణోగ్రతలో గట్టిగా ఉండి నోటి వేడికి కరిగే గుణం వల్ల ఇది కోకో వెన్నకు దగ్గరగా నిలుస్తుంది. ఐరోపా సమాఖ్య 2000 నాటి చాక్లెట్ ఆదేశంలో కోకో వెన్నతో పాటు ఐదు శాతం మించకుండా వాడుకోవడానికి ఆరు వృక్ష కొవ్వులను అనుమతించింది. ఇల్లిపె, పామ్, సాల్, షియా, కోకమ్‌లతో పాటు మామిడి జీడి కొవ్వు ఆ జాబితాలో ఉంది. జీడిలోని గాలోటానిన్లు నూనెలు కాటువాసన పట్టకుండా ఆపగలవు. కృత్రిమ యాంటీ ఆక్సిడెంట్లయిన బి.హెచ్.ఎ., బి.హెచ్.టి.లకు ప్రత్యామ్నాయంగా వీటిని పరిశీలిస్తున్నారు.

ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశా ఏజెన్సీ ప్రాంతాల ఆదివాసులు వానాకాలంలో తిండిగింజలు కొరవడినప్పుడు టెంక పిండితో అంబలి కాచుకోవడం పాత అలవాటు. టెంకలను ఎండబెట్టి, జీడి తీసి దంచి, ఆ పిండిని నీటిలో పలుమార్లు కడిగి వగరు పోగొడతారు. నీటిలో కరిగే టానిన్లను తొలగించడమే ఇందులో జరిగేది. ప్రయోగశాలలో జీడి పిండిని శుద్ధిచేసే మొదటి దశ కూడా ఇదే (చూ. భద్రత).

నిమ్మజాతి పండ్లు: పెక్టిన్, ఫ్లేవనాయిడ్లు

పండ్ల వ్యర్థాల నుంచి వచ్చే పదార్థాల్లో వాణిజ్యపరంగా ఎక్కువగా స్థిరపడింది పెక్టిన్. మొక్క కణాల గోడలను అంటిపెట్టి ఉంచే ఈ సంక్లిష్ట పిండి పదార్థం ఎండిన నిమ్మజాతి తొక్కలో 20–30 శాతం, ఆపిల్ పిప్పిలో 10–15 శాతం ఉంటుంది. ఆహార సంకలితంగా దీని అంతర్జాతీయ సంఖ్య 440.

తయారీ సూత్రం తేలిక. బత్తాయి తొక్కలోని తెల్లటి భాగాన్ని సన్నగా తరిగి, ఆమ్లం కలిపిన నీటిలో గంటసేపు మరిగించి, గుడ్డలో వడకడతారు. వడకట్టిన చిక్కటి నీటిలో రెండింతలు ఆల్కహాల్ పోస్తే తెల్లటి మెత్తని తీగలు పైకి తేలతాయి. వాటిని పిండి, మళ్ళీ ఆల్కహాల్‌తో కడిగి, ఎండబెట్టి పొడి చేస్తే పెక్టిన్. కర్మాగారంలో నీటి ఆమ్లత, వేడి, సమయం మూడింటినీ కట్టుదిట్టంగా ఉంచుతారు. ఏది మించినా పెక్టిన్ గొలుసులు తెగి గడ్డకట్టే శక్తి తగ్గుతుంది.

పెక్టిన్ గొలుసులోని ఆమ్ల భాగాల్లో సగానికి పైగా మిథైల్ ఎస్టర్లుగా ఉంటే దాన్ని అధిక మిథాక్సిల్ రకం అంటారు. చక్కెర 55 శాతానికి మించి, ఆమ్లత తగినంత ఉంటేనే ఇది గడ్డకడుతుంది. మామూలు జామ్‌లో జరిగేది ఇదే. సగం కంటే తక్కువ ఉంటే అల్ప మిథాక్సిల్ రకం. దీనికి చక్కెరతో పనిలేదు, కాల్షియం చాలు. చక్కెర తగ్గించిన జామ్‌లు ఈ రెండో రకం వల్లే సాధ్యమయ్యాయి.

నిమ్మ, బత్తాయి తొక్కల పైపొరలో తైలం ఉంటుంది. కమలా తైలంలో 90 శాతానికి పైగా లిమొనీన్. లోపలి తెల్లపొరలో హెస్పెరిడిన్, పంపరపనస జాతి పండ్లలో చేదునిచ్చే నారింజిన్ లభిస్తాయి. పెక్టిన్ తీయకుండా తొక్కను కడిగి, ఎండబెట్టి, మెత్తగా పొడిచేస్తే నిమ్మజాతి పీచు తయారవుతుంది. ఇది తన బరువుకు చాలా రెట్లు నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి బేకరీ, మాంస ఉత్పత్తుల్లో కొవ్వును తగ్గించడానికి వాడతారు. నల్గొండ, అనంతపురం ప్రాంతాల బత్తాయి చాలావరకు నగరాల్లోని రసం బండ్ల దగ్గరే పిండటం వల్ల తొక్క ఒకచోట చేరదు. తెలుగు రాష్ట్రాల్లో ముడిసరుకు ఉన్నా పరిశ్రమ పెరగకపోవడానికి ఇదొక కారణం.

ఇతర పండ్లు

ద్రాక్ష: సారా, రసం తీశాక మిగిలే తోలులో ఆంథోసయనిన్లు ఉంటాయి. ఇటలీలో 19వ శతాబ్దం చివరి నుంచే వీటిని ఆహార రంగుగా అమ్ముతున్నారు. గింజల్లో ప్రొయాంథోసయనిడిన్లు, లినోలీయిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్న నూనె దొరుకుతాయి.

దానిమ్మ: తొక్కలో ప్యూనికలాజిన్ అనే ఎల్లాజిటానిన్ చాలా ఎక్కువ. అది నేరుగా రక్తంలోకి వెళ్ళదు. పేగుల్లోని బాక్టీరియా దాన్ని యురోలిథిన్లుగా మారుస్తుంది. ఆ బాక్టీరియా అందరిలో ఒకేలా ఉండదు కనుక ఒకే మోతాదు తిన్న ఇద్దరిలో ఫలితం వేర్వేరుగా ఉంటుంది.

ఆపిల్: పిప్పిలో పెక్టిన్‌తో పాటు ఫ్లోరిడ్జిన్ ఉంటుంది. 1835లో ఆపిల్ చెట్టు బెరడు నుంచి వేరుచేసిన ఈ పదార్థం మూత్రంలో చక్కెర పోయేలా చేస్తుందని 1880లలో తేలింది. నేడు మధుమేహానికి వాడుతున్న ఎస్.జి.ఎల్.టి.–2 నిరోధక మందుల రూపకల్పనకు ఈ అణువే ఆధారం.

టమాటా: వృక్షశాస్త్రం ప్రకారం ఇదీ పండే. సాస్, గుజ్జు తయారీలో తీసేసే తోలులో ఎర్రని లైకోపీన్ గుజ్జులో కంటే దట్టంగా ఉంటుంది.

అనాస: కాండం నుంచి బ్రొమెలైన్ ఎంజైమ్ తీస్తారు. 1891లో వెనిజులా శాస్త్రవేత్త విసెంతె మార్కానో దీన్ని గుర్తించాడు. మాంసాన్ని మెత్తబరచడానికి, జీర్ణ సహాయకంగా ఉపయోగిస్తారు.

పుచ్చకాయ: తొక్కలో సిట్రులిన్ అనే అమైనో ఆమ్లం ఉంది. 1914లో జపాన్ శాస్త్రవేత్తలు దాన్ని మొదట వేరుచేసింది పుచ్చకాయ నుంచే.

వెలికితీత పద్ధతులు

అన్ని పద్ధతుల్లోనూ వరస ఒకటే: శుభ్రపరచడం, ఎంజైములను ఆపడం, ఎండబెట్టడం, పొడిచేయడం, ద్రావణిలోకి లాగడం, వడకట్టడం, శుద్ధిచేయడం, ఆరబెట్టడం. తేడా వచ్చేది ద్రావణి దశలో.

పాలీఫినాల్స్‌కు నీరు, ఇథనాల్ మిశ్రమం వాడుక. మిథనాల్, అసిటోన్ ఇంకా బాగా లాగినా ఆహారంలో వాటి అవశేషాలు సమస్య కాబట్టి ప్రయోగశాల దాటి అరుదుగా వస్తాయి. శబ్దాతీత తరంగాలు ద్రవంలో సూక్ష్మ బుడగలను పుట్టించి పేల్చడం ద్వారా కణ గోడలను బద్దలు కొడతాయి. మైక్రోవేవ్ కణం లోపలి నీటిని వేడెక్కించి అదే పని చేస్తుంది. రెండింటి వల్లా గంటల పని నిమిషాల్లోకి వస్తుంది. సెల్యులేజ్, పెక్టినేజ్ వంటి ఎంజైములు గోడలను మెల్లగా జీర్ణం చేస్తాయి.

కెరోటినాయిడ్లు, గింజల నూనెలకు అతిసంధి స్థితి కార్బన్ డయాక్సైడ్ మేలైనది. 31.1 డిగ్రీల సెల్సియస్, 73.8 బార్ల పీడనం దాటితే ఈ వాయువు అటు వాయువుగానూ ఇటు ద్రవంగానూ ప్రవర్తిస్తూ కొవ్వులో కరిగే పదార్థాలను లాగుతుంది. పీడనం తగ్గించగానే ఎగిరిపోయి ఏ అవశేషమూ మిగల్చదు. అధిక పీడన పాత్రల ధర దీనికి పరిమితి.

వెలికితీసిన సారం వెలుతురుకు, గాలికి, వేడికి త్వరగా పాడవుతుంది. మాల్టోడెక్స్‌ట్రిన్ వంటి పదార్థంతో కలిపి వేడిగాలిలోకి చిమ్మితే ప్రతి రేణువు చుట్టూ పొర ఏర్పడుతుంది. వగరు కూడా ఈ పొరతో మరుగున పడుతుంది.

ఆరోగ్య ప్రభావం: రుజువుల స్థాయి

ఈ పదార్థాలన్నిటికీ ఒకే స్థాయి రుజువు లేదు. ఎక్కువ బలమైన ఆధారం ఉన్నది పీచుకు. ఐరోపా సమాఖ్య 2012లో ఆమోదించిన ఆరోగ్య ప్రకటనల్లో పెక్టిన్ ఉంది. రోజుకు 6 గ్రాములు రక్తంలో కొలెస్ట్రాల్ సాధారణ స్థాయిలో ఉండటానికి, భోజనంతో 10 గ్రాములు తిన్న తర్వాత చక్కెర పెరుగుదల తగ్గడానికి తోడ్పడతాయని ఉత్పత్తిదారులు చెప్పుకోవచ్చు. పెక్టిన్ జిగట జీర్ణాశయంలో ఆహారాన్ని నిదానింపజేయడం, పిత్త ఆమ్లాలను పట్టి బయటికి పంపడం దీనికి కారణాలు.

పాలీఫినాల్స్ పరిస్థితి వేరు. పరీక్షనాళికలో చూపించే యాంటీ ఆక్సిడెంట్ శక్తి శరీరంలోనూ అంతే ఉంటుందని అనుకోవడానికి లేదు. వీటిలో చాలావరకు పేగుల్లో కొద్దిగానే శోషణ చెందుతాయి. మాంజిఫెరిన్‌పై జంతు ప్రయోగాలు ఆశాజనకంగా ఉన్నా మనుషులపై పరీక్షలు కొద్దిగానే జరిగాయి. ‘యాంటీ ఆక్సిడెంట్లు అధికం’ అని పొట్లం మీద రాయడానికీ, తిన్నవారికి మేలు జరిగిందని చూపడానికీ మధ్య దూరం ఎక్కువ.

విడదీసిన పదార్థం పండులో భాగంగా ఉన్నప్పటిలాగే పనిచేస్తుందన్న నమ్మకానికి బీటా కెరోటిన్ గట్టి హెచ్చరిక. ఫిన్లాండ్‌లో ధూమపాన పురుషులపై జరిగి 1994లో వెలువడిన పరీక్షలోనూ, 1996లో ముగిసిన అమెరికా పరీక్షలోనూ బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది. అందువల్ల తొక్క పొడిని కొద్ది పాళ్ళలో ఆహారంలో కలపడాన్ని, గాఢమైన సారాన్ని మాత్రగా మింగడాన్ని ఒకే గాటన కట్టకూడదు.

భద్రత

పురుగుమందు అవశేషాలు గుజ్జు కంటే తొక్క మీదే ఎక్కువ. తొక్కను పొడిచేసి, సారాన్ని గాఢం చేసినప్పుడు అవీ గాఢమవుతాయి. కాల్షియం కార్బైడ్‌తో మాగబెట్టడం భారత్‌లో నిషిద్ధం. ఆ పండ్ల తొక్క ఆహారానికి అసలు పనికిరాదు. కుళ్ళిన ఆపిల్‌లో పాట్యులిన్ అనే బూజు విషం చేరుతుంది. రసంలో దాని పరిమితి కిలోకు 50 మైక్రోగ్రాములని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ నిర్ణయించింది.

మామిడి సొన తగిలితే చర్మం బొబ్బలెక్కడం తెలిసిందే. జీడిమామిడి కుటుంబపు మొక్కల్లో ఉండే ఆ ఫినాల్ పదార్థాలు తొక్కలోనూ కొంత ఉంటాయి కాబట్టి అలర్జీ ఉన్నవారికి తొక్క పొడి ఇబ్బంది కలిగించవచ్చు. పంపరపనస జాతికి చెందిన గ్రేప్‌ఫ్రూట్‌లోని ఫ్యూరానోకూమరిన్లు కొన్ని రక్తపోటు, కొలెస్ట్రాల్ మందులను విచ్ఛిన్నం చేసే ఎంజైమ్‌ను అడ్డుకుని రక్తంలో మందు మోతాదును ప్రమాదకరంగా పెంచుతాయి. టానిన్లు భోజనంలోని ఇనుమును పట్టేస్తాయి. రక్తహీనత ఎక్కువగా ఉన్న మన దేశంలో ఈ విషయానికి రావలసినంత ప్రాధాన్యం రాలేదు.

నిల్వలో నిర్లక్ష్యం ప్రాణాంతకం కావచ్చు. 2001లో ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో మామిడి టెంక జావ తాగిన ఆదివాసులు పలువురు మరణించారు. ఆకలి చావులా, బూజు పట్టిన పిండి విషమా అన్న వివాదం దేశమంతటా నడిచింది. తేమతో దాచిన టెంక పిండి ప్రమాదకరమన్నదీ, వేరే తిండి ఉంటే ఎవరూ దాన్ని తినరన్నదీ రెండూ నిజాలే.

చట్టపరమైన స్థితి

భారత్‌లో ఇవి 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కిందికి వస్తాయి. న్యూట్రాస్యూటికల్స్, ఆరోగ్య అనుబంధాల కోసం 2016లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి, 2022లో వాటిని సవరించి మళ్ళీ ప్రకటించారు. రోగాన్ని నయం చేస్తుందని ప్రకటించుకోవడానికి అవి ఒప్పుకోవు. అమెరికా ఔషధ, ఆహార సంస్థ 2016లో సవరించిన పోషక పట్టిక నిబంధనల్లో పెక్టిన్‌ను పీచుగా లెక్కించడానికి అనుమతించింది.

ఆర్థిక, పర్యావరణ అంశాలు

పండు రెండు మూడు నెలలే వస్తుంది, కర్మాగారం ఏడాది పొడవునా నడవాలి. తడి తొక్కలో అధిక భాగం నీరే కాబట్టి రవాణా, ఎండబెట్టే ఇంధనం ఖర్చులో పెద్ద వాటా తీసుకుంటాయి. పెక్టిన్ తయారీలో మిగిలే ఆమ్లపు నీరు, ఆల్కహాల్ వేరే శుద్ధిని కోరతాయి. ఒక వ్యర్థాన్ని తీసి మరో వ్యర్థాన్ని పుట్టించకుండా ఉండాలంటే ఆల్కహాల్‌ను తిరిగి పట్టి వాడుకునే ఏర్పాటు ఉండాలి.

ఒకే పదార్థం తీసి మిగతాది పారేసే పద్ధతి గిట్టుబాటు కాదని అనుభవం చెబుతోంది. అందుకే వరసగా తీసే విధానం వైపు పరిశోధన మళ్ళింది. మామిడి జీడి నుంచి మొదట కొవ్వు, ఆ తర్వాత పాలీఫినాల్స్, తర్వాత పిండి తీస్తారు. తొక్క నుంచి కెరోటినాయిడ్లు, పాలీఫినాల్స్, చివరకు పెక్టిన్ తీస్తారు. ఆ తర్వాత మిగిలిన పిప్పిని పశువుల దాణాగానో, బయోగ్యాస్ గుంతకో వాడతారు. టెంక పైచిప్ప బాయిలర్‌లో ఇంధనంగా కాలుతుంది, ఆ వేడితోనే మరుసటి విడత తొక్కలు ఎండబెట్టవచ్చు.